ఉప్పు లేని సముద్రం

రాజనర్సు నవలను సిద్దిపేట గ్రంథాలయంలో ముగ్గురు పెద్దమనుషులు తెగ మెచ్చుకున్నారు. ముగ్గురిలో ఒక్కరూ పదో పేజీ దాటలేదు. ఎక్కడో ఒక దీవి, అందులో ఏడుగురు మనుషులు, ఒకరి బతుకు ఇంకొకరి బతుకులో చిక్కుకుని నాలుగు వందల పేజీలు. యుద్ధం వల్ల కాగితమే దొరకని రోజుల్లో! అర్థం కాకపోవడమే దాని గొప్పతనమని పెద్దలు తేల్చేశారు. రాజనర్సు పొంగిపోయాడు.

కానీ అతనికి కావలసిన మెప్పు వేరు. నేతపని చేసే రాజమల్లయ్య కూతురు సుశీల అతనికి వరసకు మరదలు. ఆమె అంటే ప్రాణం. ఆ మాట చెప్పే ధైర్యం లేక, ప్రేమనంతా నవలలో దాచి రాతప్రతిని ఆమె చేతిలో పెట్టాడు. ఇంతలో ఆదివారం దుబ్బాక నుంచి పెళ్ళిచూపులకు వస్తున్నారని తెలిసింది.

శనివారం పొద్దున్నే పరుగెత్తాడు. సుశీల అరుగు మీద రాట్నంతో కండెలు చుడుతోంది. పక్కనే రాతప్రతి. దాని నిండా రంగురంగుల నూలుపోగులు వేలాడుతున్నాయి.

"గిదేంది?"

"మనిషికో రంగు పోగు పెట్టి చిక్కు తీసిన బావా. ఎర్రపోగు నీ జాలరి. నూటిరవయ్యో పేజీల సచ్చిండు. మూడొందలో పేజీల పెండ్లి చేసుకున్నడు!"

రాజనర్సు గొంతు సవరించుకున్నాడు. "అది చాన లోతైన ముచ్చట."

"గట్లనా! మరి గా పచ్చపోగు పిల్ల సముద్రంల కడవ ముంచి జాలరి దూప తీర్చుడేంది? సముద్రం నీళ్ళు ఉప్పగుంటయని బొంబాయి మిల్లుకు పోయొచ్చిన మా చిన్నాయిన చెప్పిండు. నువ్వు మన చెరువు తప్ప ఏం చూసినవ్?"

"పెద్దమనుషులు చదివిన్రు. ఒక్కలు గూడ అడగలె."

"సదివితె గద అడిగేది!"

రెండేళ్ళ రాత. అతనికి ఏడుపొక్కటే తక్కువ. "ఇంకేం సమజ్ కాలేదా?" అని గొణిగాడు.

సుశీల రాట్నం ఆపింది. "పచ్చపోగు నేనే గద? చెవి కింద పుట్టుమచ్చ గూడ రాసినవ్. జాలరి పన్నెండేండ్లు ఒడ్డున నిలవడి చూస్తడే గని నోరిప్పడు. నాకు పన్నెండేండ్లు లెవ్వు బావా. రేపే వస్తున్రు."

"మరి నేనేం చెయ్యాలె?"

"బాపు లోపల్నే ఉన్నడు. పోయి చెప్పు. నీ నవల లెక్క చెప్పకు, సమజయ్యేటట్టు చెప్పు."

లోపల రాజమల్లయ్య మగ్గం మీద ఉన్నాడు. ఒంటరితనం గురించీ దీవి గురించీ నోటిదాకా వచ్చిన వాక్యాలన్నీ రాజనర్సు మింగేశాడు.

"మామా, సుశీలను నేను చేసుకుంట."

మగ్గం ఆగింది. రాజమల్లయ్య అతణ్ని ఎగాదిగా చూశాడు. "గీ ఒక్క ముక్క చెప్పనీకి అన్ని కాయితాలు ఖరాబు జేసినవారా? సరే, దుబ్బాకోళ్ళకు రావద్దని కబురు పంపుత."

అరుగు మీద నుంచి సుశీల గొంతు వినిపించింది.

"బావా, పెండ్లిలోపు గా దీవిల ఒక బాయి తవ్వించు. పాపం, దూపకు సస్తున్రు!"