ఎడమ సగం ఖాళీ

ఉదయం 11:40. ఫిల్మ్ నగర్ కమ్యూనిటీ హాల్లో ఒక ఉత్తరం మాయమైనట్టు బయటపడింది. దాని స్థానంలో ఇంకో ఉత్తరం కూర్చుంది. అదీ తమాషా.

కొండ రోడ్లలో మినీబస్సులు నడపడానికి రవాణా సంస్థ ముసాయిదా మార్గదర్శకాలు తయారుచేసింది. నెల రోజులు జనం సలహాలు తీసుకుంది. ఏ రోడ్డుకైనా రెండు వందల మంది రాతపూర్వకంగా అడిగితే బస్సు వేస్తారు. గడువు ఈ సాయంత్రం 5:00.

బోరబండ నుంచి ఇక్కడి బంగ్లాల్లో పనికి వచ్చే 212 మంది ఆడవాళ్లు బస్సు అడిగారు. వాళ్ల తరఫున ఉత్తరం రాసింది వంటమనిషి శకుంతలమ్మ.

చివరి రోజు సభలో సంస్థ అధికారి అరుణజ్యోతి దాన్ని మైకులో చదివింది. "మాకు బస్సు వద్దు. మా అభ్యర్థన వెనక్కి తీసుకుంటున్నాం."

శకుంతలమ్మ దిగ్గున లేచింది. "గది నేను రాసింది కాదమ్మా! నా కాగితం ఏది?"

212 సంతకాల షీట్లు అలాగే ఉన్నాయి. పైకాగితం ఒక్కటే మారింది.

12:15. ఇన్‌స్పెక్టర్ నాగేశ్వరి వచ్చింది. కాగితం చూసింది. తెల్ల ఠావు. కుడి పక్కన ఆరు లైన్లు. గుర్తుపట్టకుండా గుండ్రంగా రాసిన అక్షరాలు.

"కొత్తది రాసిస్తే సరిపోదా?"

"సంతకాలూ మళ్లీ కావాలి మేడమ్," అంది అరుణజ్యోతి. "అసలు కాగితం దొరక్కపోతే ఇది వివాదంలో ఉన్నట్టు. రూల్ ప్రకారం పక్కన పెట్టెయ్యాలి."

"ఐదు గొట్టేలోపల అంతమందిని యాడికెల్లి తేవాలె? అందరు పనులల్ల ఉన్నరు." శకుంతలమ్మ మోకాళ్లు పట్టుకుని కూలబడింది. రోజూ గుట్ట ఎక్కీ దిగీ అరిగిన మోకాళ్లు అవి.

"ఫైల్ ఎవరెవరు ముట్టుకున్నారు?"

వచ్చిన సలహాలు ఎవరైనా చూడొచ్చు. రిజిస్టర్‌లో సంతకం చేస్తే చాలు. మూడు పేర్లున్నాయి. 10:20, కాలనీ సంఘం సెక్రటరీ రామకృష్ణ. 10:35, డైరెక్టర్ నిహారిక. 10:50, డైలాగ్ రైటర్ వరప్రసాద్.

"మీకు బస్సు ఇష్టం లేదట?" రామకృష్ణని అడిగింది.

"లేదండీ. నా గేటు ముందు బస్సాగితే నా కారెక్కడ పెట్టను? ఆ ముక్కే నా పేరుతో రాసిచ్చానండీ. దొంగచాటుగా రాయాల్సిన ఖర్మేంటి నాకు?"

నిజమే. ఆయన అభ్యంతరం ఫైల్లోనే ఉంది. నాలుగు పేజీలు, కంప్యూటర్ టైపు.

నిహారిక ఫోన్‌లో ఏదో సీన్ టైప్ చేసుకుంటూ జవాబిచ్చింది. "శకుంతలమ్మ మాటల కోసం చూశాను. పోయిన వారం మీటింగ్‌లో మూడు నిమిషాలు మాట్లాడింది. హాలంతా లేచి చప్పట్లు! నా సినిమాలో డైలాగులు ఆమెతోనే మార్పిస్తున్నా."

"అవి మొదట రాసిందెవరు?"

"వరప్రసాద్ గారు."

నాగేశ్వరి ఆయన వైపు తిరిగింది. "ఆ మీటింగ్‌లో మీరూ మాట్లాడారా?"

"పన్నెండు నిమిషాలండీ."

"చప్పట్లు?"

వరప్రసాద్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "పడలేదండీ."

4:30. అందర్నీ టేబుల్ చుట్టూ నిలబెట్టి, నాగేశ్వరి కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టింది.

"నడిమధ్య నిలువు మడత. కుడి సగంలో రాత. ఎడమ సగం ఖాళీ. ఎవరికీ వింతగా అనిపించలేదా?"

"మా ఆఫీసు నోట్స్‌లోనూ ఎడమవైపు వదుల్తాం మేడమ్, పై ఆఫీసర్ రిమార్కుల కోసం," అంది అరుణజ్యోతి. "అందుకే పట్టించుకోలేదు."

"షూటింగ్ పర్మిషన్ కోసం మా స్టేషన్‌కి సీన్ పేపర్లు వస్తుంటాయి. ఠావుని నిలువుగా మడుస్తారు. ఎడమ సగంలో ఎవరేం చేస్తున్నారో రాస్తారు. కుడి సగంలో డైలాగులు. నిహారిక గారు ఫోన్‌లో రాసుకుంటారు. సెక్రటరీ గారిది టైపు. ఇక మిగిలింది, చెయ్యి దానంతటదే మడత పెట్టేసే మనిషి. పొద్దున్నుంచీ మీరెవరూ గడప దాటలేదు, కాబట్టి అసలు కాగితం ఇంకా ఈ హాల్లోనే ఉంది!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వరప్రసాద్ చెయ్యి జుబ్బా జేబు మీదకి వెళ్లింది.

"తియ్యండి," అంది నాగేశ్వరి.

తీశాడు. రూళ్ల నోటుబుక్కు కాగితం.

"ముప్పై ఏళ్లు రాశానండీ. నా మాటకి ఒక్కడు లేచి నిలబడలేదు. మా ఇంట్లో వంట చేసే మనిషి మూడు నిమిషాల్లో... కడుపు మండిపోయిందండీ. ఆమె గెలవకూడదు అనుకున్నాను. అంతే."

"మరి చింపెయ్యలేదేం?"

"చింపబోయి చదివాను. చెయ్యి రాలేదండీ."

అరుణజ్యోతి ఉత్తరం అందుకుని మైకులో చదివింది. "ముప్పై ఏండ్ల సంది గీ గుట్ట మా మోకాళ్లు ఎక్కుతున్నయి. మీ బస్సుకేమైంది, ఎక్కనీకి?"

హాలంతా మళ్లీ లేచింది.

4:48. అసలు కాగితం సంతకాల మీద తన చోటికి చేరింది. అరుణజ్యోతి ముద్ర గుద్దింది. కానిస్టేబుల్ వరప్రసాద్ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

శకుంతలమ్మ మెల్లగా లేచి ఆయన ముందుకొచ్చింది. "పదేండ్ల సంది అడిగిందల్ల వండిపెట్టిన గద సారూ. గీ ఒక్క మాట అడిగితే ఇయ్యకపోదునా?"

వరప్రసాద్ మొహం మాడిపోయింది. ఆ మాట కూడా తన మాటలకంటే బాగుంది.