మాటల్లేని ఎనిమిది పాటలు

షామీర్‌పేటలో చర్చి యూత్ క్యాంపు. రెండో రోజు పొద్దున వాన మొదలైంది. రేకుల హాలు మీద చినుకుల చప్పుడుకి తగ్గట్టు హేమచంద్ తన ల్యాప్‌టాప్‌లోంచి ఒక బీటు వదిలాడు. ముందు వరసలో నలుగురు లేచి ఎగరడం మొదలుపెట్టారు. అంతలో పాట ఠక్కున ఆగిపోయింది.

చూస్తే, స్పీకర్ల ప్లగ్గు చేత్తో పట్టుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది.

"ఏమండీ, ఇది ప్రార్థన క్యాంపా, పెళ్లి బరాతా?"

"దేవుని పాటే మేడం. నేనే జేసిన."

"మరి దేవుడి పేరేదీ? ఒక్క మాటన్నా లేదే!"

"మాట లేకుంటే ఆయనకు సమజ్ కాదా ఏంది?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుంది. ప్లగ్గు మాత్రం ఇవ్వలేదు.

ఆమె పేరు సుప్రజ. భీమవరం నుంచి వచ్చి యాప్రాల్‌లో స్థిరపడ్డ బ్యాంకు ఉద్యోగి కూతురు. చెవులు వినపడని పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్ ట్రైనింగ్‌లో ఉంది. హేమచంద్‌ది గౌడవెల్లి. మేడ్చల్‌లో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని, ఆదివారం చర్చిలో కీబోర్డు. మాటల్లేకుండా, వట్టి వాద్యాలతో, కుర్రాళ్లు ఎగిరేలా ఒక ఆరాధన ఆల్బమ్ చేయాలని రెండేళ్లుగా అతని పిచ్చి.

ఆ క్యాంపు తర్వాత ప్రతి శనివారం సాయంత్రం, క్వయర్ ప్రాక్టీసు అయ్యాక, చర్చి మెట్ల మీద ఇద్దరూ చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చునేవారు.

"ఇక్కడ డ్రమ్ము మరీ ఎక్కువైందండీ. పాపం, ప్రార్థించేవాణ్ణి కాస్త ఊపిరి తీసుకోనివ్వండి."

ఆమె కళ్లు మూసుకుని వింటుంటే హేమచంద్ ఆ రెప్పలనే చూస్తూ ఉండిపోయేవాడు.

"పాట అయిపోయింది. మీరు చూడాల్సింది స్క్రీన్‌ని," అనేది సుప్రజ, కళ్లు తెరవకుండానే.

నాలుగు పాటలయ్యాయి. అయిదోది మొదలవుతుండగా ఆమెకు కాకినాడ స్కూల్లో ఉద్యోగం వచ్చింది.

"వెళ్లనా?" అని అడిగింది.

వెళ్లొద్దని చెప్పాలని అతని ప్రాణం కొట్టుకుంది. నోటివెంట మాత్రం వేరే మాట వచ్చింది. "పోయిరా. నువ్వు లేకుంటే ఆల్బమ్ జల్దీ అయితది."

సుప్రజ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. "సరేనండీ," అని బ్యాగు జిప్పు లాగింది.

కాకినాడ వెళ్లాక ఆమె ఫోన్ చేయలేదు. ఏ మొహం పెట్టుకుని చేయాలో అతనికీ తెలియలేదు. యాప్రాల్ మలుపు దగ్గర పనేమీ లేకపోయినా బైకు దానంతటదే నెమ్మదించేది. శనివారాలు చర్చి మెట్ల మీద రెండో ఇయర్‌ఫోన్ అతని ఒళ్లో ఊరికే పడి ఉండేది.

ఎలాగో ఎనిమిది పాటలూ పూర్తయ్యాయి. చర్చిలో విడుదల చేద్దామంటే పెద్దలు ఒప్పుకోలేదు. వాళ్లలో అతని తండ్రి రాఘవేందర్ కూడా ఉన్నాడు.

"గిది డీజే లెక్కుంది బిడ్డా. ఆరాధన అని ఎట్ల జెప్పమంటవ్?"

హేమచంద్ తనే ఇంటర్నెట్‌లో పెట్టాడు. విన్నవాళ్లు కంపెనీ దోస్తులు పదిమంది. అతను రోజూ వెతికిన పేరు ఒక్కటే. అది కనపడలేదు.

ఏప్రిల్‌లో, భోజనాల వేళ, ఫోన్‌కి ఒక వీడియో వచ్చింది. పది పన్నెండు మంది పిల్లలు చెప్పుల్లేకుండా, స్పీకరు డబ్బాలకు అరచేతులు ఆనించి, బీటు తప్పకుండా ఎగురుతున్నారు. అది అతని అయిదో పాట.

కింద సుప్రజ రాసింది: "వీళ్లకి మాటలు వినపడవు. మీ పాట మాత్రం చేతుల్లోకి, కాళ్లలోకి వస్తోందట. రోజూ పెట్టమంటున్నారు. మే నెలలో షామీర్‌పేట క్యాంపుకి తీసుకొస్తున్నాను. పెద్ద స్పీకర్లు కావాలి."

అంతే. బాగున్నారా అని కూడా లేదు. హేమచంద్ ఆ వీడియోని ఎన్నిసార్లు చూశాడో! ఓ మూల, చున్నీ అంచు మీద తాళం వేస్తున్న ఆమె వేళ్లు కనిపిస్తున్నాయి.

మే నెలలో అతను రెండు పెద్ద స్పీకర్లు తెచ్చి, పాదాలకు అదురు తెలిసేలా హాల్లో చెక్కలు పరిచాడు. ఎట్లుంటదో చూద్దామని రాఘవేందర్ కూడా వచ్చాడు. పాట మొదలవగానే ఒక చిన్నపాప ఆయన చెయ్యి లాగి స్పీకరు మీద పెట్టింది. ఆయన చెయ్యి తీయలేదు. పాటంతా అలాగే నిలబడ్డాడు.

"గిది ఆరాధన గాకపోతే ఇంకేందిరా?" అన్నాడు కొడుకుతో, కళ్లు తుడుచుకుంటూ.

హేమచంద్ గబగబా వరండాలోకి నడిచాడు. సుప్రజ అక్కడ గుమ్మం పక్కన నిలబడి పిల్లల్ని చూస్తోంది.

"ఆ దినం నేను జెప్పింది అబద్ధం," అన్నాడు.

"ఏది?"

"నువ్వు లేకుంటే జల్దీ అయితదన్నది. గా అయిదో పాటకే నాలుగు నెలలు పట్టింది."

"తెలుసు. అందులో ఒకచోట డ్రమ్ము ఆగిపోతుంది. మీరేదో చెప్పబోయి మింగేసినట్టు. వినగానే ఏడుపొచ్చింది."

"మరి ఫోనెందుకు జేయలే?"

"రమ్మంటారేమోనని ఎనిమిది నెలలు ఎదురుచూశానండీ."

"నువ్వంటే నాకు ప్రాణం, సుప్రజా. నిన్ను రమ్మనను. నేనే కాకినాడకొస్త. గాడ మందుల కంపెనీలు లేవా ఏంది?"

సుప్రజ తల వంచుకుంది. "ఆదివారం మా నాన్నగారు ఇంట్లోనే ఉంటారు. ఆయనతో చెప్పండి," అంది.

"భయమైతాంది."

"పక్కన నేనుంటాను కదా!"

లోపల పిల్లలు ఇంకో పాట కావాలని చెక్కల మీద కాళ్లతో దబదబ కొడుతున్నారు. సుప్రజ అతని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.