చప్పుడు చేసే టైర్లు

"నాలుగూ మార్చాల్సిందే," అన్నాడు భర్త, కారు పక్కన గొంతుక్కూర్చుని టైరు గాడిలో వేలు పెట్టి చూస్తూ. "గోరు కూడా దిగట్లేదు. వాన పడిందంటే జారుతుంది."

ఆమె బ్యాగు సర్దుకుంటూ తలూపింది. ఫిజియోథెరపిస్టు. రోజుకు ఏడెనిమిది ఇళ్ళు తిరిగి పెద్దవాళ్ళ చేత, ఎముకలు విరిగినవాళ్ళ చేత వ్యాయామాలు చేయిస్తుంది. ఆ చిన్న ఎలక్ట్రిక్ కారు లేనిదే ఆమెకు పూట గడవదు. ఎవరో వాడి అమ్మేసిన పాత మోడల్. కదిలినా కదిలినట్టు తెలియదు.

"ఫోన్లో చూశాను. లోపల స్పాంజి అతికించినవి వచ్చాయట. అసలు చప్పుడే రాదు."

"నాకు చప్పుడు చేసేవే కావాలి."

అతను నవ్వాడు. "చప్పుడుకి ఎవరైనా డబ్బిచ్చి కొనుక్కుంటారా?"

"ట్రాక్టర్‌లా మోగినా సరే. వీధి చివరకు వినపడాలి."

అతని నవ్వు ఆగిపోయింది. లేచి చేతులు దులుపుకున్నాడు. "నాన్న పోయి ఏడాది కావస్తోంది. నిన్ను ఈ ఇంట్లో ఎవరైనా ఒక్క మాటన్నారా?"

"అనలేదు."

"మరింకేంటి?"

"అనుంటే బాగుండేది," అంది ఆమె.

అతనేదో అనబోయేలోగా ఫోన్ మోగింది. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. ఎక్కడో మూడో అంతస్తు దగ్గర ఎవరో ఇరుక్కుపోయారు. మొహం గంటు పెట్టుకునే బండెక్కి వెళ్ళిపోయాడు. ఆమె కారు తాళం తీస్తుంటే గుమ్మంలోంచి అత్తగారు అంది, "ఆగమ్మాయ్. నేనూ వస్తాను."

ఏడాదిగా ఆవిడ ఆ కారులో కాలు పెట్టలేదు.

ఏడాది క్రితం ఒక ఉదయం ఇదే వాకిట్లో ఆమె కారు వెనక్కి తీస్తుంటే మెత్తటి చప్పుడొకటి వినిపించింది. బియ్యం మూట జారిపడ్డట్టు. దిగి చూస్తే మామగారు. తుంటి ఎముక విరిగింది. నలభై రోజులు ఆమే దగ్గరుండి కాలు కదిలించింది, లేపింది, కూర్చోబెట్టింది. చివరికి ఊపిరితిత్తులకు నెమ్ము చేసి ఆయన పోయారు. ఆ చప్పుడు మాత్రం పోలేదు. రివర్స్ గేరు వేసిన ప్రతిసారీ వినిపిస్తుంది. అద్దాలు దించుకుంటుంది, హారన్ కొడుతుంది, రెండుసార్లు దిగి వెనక చూసొస్తుంది. అయినా వినిపిస్తుంది.

టైర్ల కొట్టు యజమాని కారును జాకీల మీద లేపి, నాలుగు చక్రాలూ ఊడదీయించాడు. "కారు చిన్నదే కానీ బ్యాటరీ బరువమ్మా. అందుకే ఇంత త్వరగా అరిగాయి. బరువు మోసేవే వెయ్యాలి. ఇవి చూడండి, పిల్లిలా వెళ్తాయి."

"పిల్లిలా వద్దు. చప్పుడు చేసేవి చూపించండి."

ఆయన ఆమెనూ అత్తగారినీ మార్చి మార్చి చూశాడు. "ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఈ మాట వినలేదు తల్లీ. లోపల వెతికొస్తాను," అంటూ వెళ్ళాడు.

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. గాలి మిషన్ బుస్సుమని ఆగింది.

"ఎంత చప్పుడున్నా ఆయనకు వినపడేది కాదమ్మాయ్," అంది అత్తగారు. "ఆ రోజు ఆయన చెవిమిషన్ జేబులో ఉంది."

ఆమె తలతిప్పింది.

"పంపు కట్టెయ్యలేదని పొద్దున్నే సతాయించాను. ఆగకుండా అరిచాను. ఆయన నవ్వుతూ చెవిలోది తీసి జేబులో వేసుకుని, 'నీ రేడియో కట్టేశాను పో' అని వాకిట్లోకి వెళ్ళాడు. ఆసుపత్రిలో చొక్కా నా చేతికిచ్చారు. జేబులో అది ఉంది. ఎవరూ చూడకుండా కొంగులో ముడేసుకున్నాను."

ఒకసారి వ్యాయామం చేయిస్తుంటే మామగారన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. "ఆ రోజు నాకేం వినపళ్ళేదమ్మా." కారు చప్పుడు చెయ్యలేదని అంటున్నారనుకుంది. ఆ మాట మోసుకునే ఇన్నాళ్ళూ తిరిగింది. ఆయన భార్యను కాపాడుకున్నారో, తననే ఓదార్చబోయారో ఇక తెలియదు.

"ఏడాది, అత్తయ్యా," అంది. "రోజూ నా మొహం చూస్తూనే ఉన్నారు కదా. ఎలా ఊరుకున్నారు?"

"భయమేసింది. నా నోటివల్లే పోయాడని కొడుకు అనుకుంటాడేమోనని. నువ్వు చిన్నదానివి, తట్టుకుంటావులే అనుకున్నాను." ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంది. "నువ్వు దిగి దిగి వెనక చూసుకుంటుంటే కిటికీలోంచి చూసేదాన్ని. రోజూ ఇవాళ చెబుదామనుకునేదాన్ని."

ఆమెకు లేచి వెళ్ళిపోవాలనిపించింది. ఎలా వెళ్తుంది? కారు చక్రాలు లేకుండా గాల్లో ఉంది. చాలాసేపు నేలమీద గ్రీజు మరకనే చూస్తూ కూర్చుంది. తన దగ్గర కూడా దాచిన మాట ఒకటుంది. ఇప్పుడు మింగేస్తే ఇక ఎప్పటికీ పైకి రాదు.

"నేను అద్దంలో చూడలేదత్తయ్యా," అంది. "ఫోన్లో తర్వాతి ఇంటి అడ్రసు చూసుకుంటూ వెనక్కి తీశాను. చూసుంటే కనపడేవారు. తప్పంతా కారు మీదికి నెట్టేశాను. చప్పుడు లేదు, చప్పుడు లేదని అందరితో అంటూ తిరిగాను."

అత్తగారు కళ్ళు మూసుకుంది. చెంపల మీదుగా నీళ్ళు కారాయి. కాసేపటికి ఎండిన చెయ్యొకటి తడుముకుంటూ వచ్చి ఆమె వేళ్ళను గట్టిగా పట్టుకుంది. ఆమెకు ఏడుపాగలేదు.

యజమాని ఒక టైరు దొర్లించుకుంటూ వచ్చి, వాళ్ళ వాలకం చూసి గొంతు తగ్గించాడు. "ఇది కాస్త హోరెత్తుతుంది తల్లీ. ఇదేనా?"

ఆమె పైటతో ముక్కు తుడుచుకుంది. "వద్దండీ. బ్రేకు వెయ్యగానే ఆగేవి ఏవి?"

"తడిలో కూడానా?"

"తడిలో కూడా."

ఆయన దాన్ని పక్కకు దొర్లించి వేరేవి తెచ్చాడు. బిగించడం పూర్తయ్యేసరికి గంటైంది. ఈలోగా అత్తగారు ఒక్కమాటే అంది, "సాయంత్రం వాడికి చెప్పేద్దాం. ముందు నేను."

"ఇద్దరం," అంది ఆమె.

"కొత్తవి కదా, కొన్నాళ్ళు జారతాయి, నిదానంగా పోనివ్వండి," అని యజమాని హెచ్చరించాడు. కొట్టులోంచి రోడ్డుమీదికి వెనక్కి తియ్యాలి. ఆమె రివర్స్ గేరు వేసింది. ఆ మెత్తటి చప్పుడు రానే వచ్చింది. చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్ళింది.

"దిగకు. నేను చూస్తున్నాగా." అత్తగారు ముందు సీట్లో నడుం తిప్పి, రెండు చేతులతో సీటు పట్టుకుని, వెనక అద్దంలోంచి రోడ్డువైపు రెప్ప వెయ్యకుండా చూసింది.

"వెనక ఎవరూ లేరమ్మా. రా... మెల్లగా రా."