చిటికెనవేలి వైపు ఎముక

లైట్లు ఆర్పితే నిద్ర రావడం డాక్టర్లకు కొత్తేమీ కాదు. అందులోనూ క్యాజువాలిటీ డాక్టరైతే కూర్చున్న చోటే తూగుతాడు.

"మూడో వరస తెల్లచొక్కా గారూ! కలలో ఎముకలు కనిపిస్తున్నాయా?"

అతను ఉలిక్కిపడ్డాడు. హాలంతా గొల్లుమంది. మైకు పట్టుకున్న రేడియాలజిస్టు మాత్రం పెదవులు బిగించి, కళ్ళతో నవ్వింది. దెబ్బకి నిద్ర పరారయింది.

ఎమర్జెన్సీలో ఎక్స్‌రేలు చదవడం మీద ఒక్కరోజు క్లాసు అది. హాజరైతే డాక్టర్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి పనికొచ్చే నాలుగు పాయింట్లు. పొద్దున ఆ పాయింట్ల కోసమే వచ్చాడు. ఇప్పుడేమో, క్లాసు రెండ్రోజులుంటే బావుండుననిపించింది.

తెర మీద ఒక పాదం పడింది.

"యాభై ఎనిమిదేళ్ళావిడ. మెట్ల మీద కాలు మడతపడింది. చూసిన డాక్టరుకి మడమ కింద ముల్లులా పెరిగిన ఎముక కనబడింది. 'ఇదే మీ నొప్పి' అని పంపేశాడు. ఒక దోషం దొరికితే చాలు, కన్ను సంబరపడి కూర్చుంటుంది. ఇటు చూడండి, చిటికెనవేలి వైపు, ఫిల్ము అంచున పగులు! వారంపాటు ఆవిడ విరిగిన ఎముక మీదే నడిచింది."

అతను ముందుకు వంగి తెరని పరీక్షగా చూశాడు. పేరు చెరిపేశారు గానీ, చీలమండ దగ్గర పిన్నీసు నీడ తెల్లగా మెరుస్తోంది. "కట్టుకున్న బట్టకి పిన్నీసుంటే ఉండనీ, త్వరగా తియ్యండి" అని ఆ రోజు ఎక్స్‌రే టెక్నీషియన్‌తో అన్నది తనే.

"ఎవరండీ ఆ మహానుభావుడు?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"తెలీదు. స్లిప్పు మీద సంతకం కాకిగూడులా ఉంది."

నోరు మూసుకుంటే గడిచిపోయేది. ఇందాకే సంపాదించిన, ఆమె కళ్ళలోని నవ్వూ మిగిలేది. దేవుడికి ఎలాగూ తెలిసిన తప్పు మనుషులకి కూడా చెప్పాలా అని క్షణం తర్కించుకున్నాడు. కాళ్ళు ఆ తర్కం వినకుండా లేచి నిలబడ్డాయి.

"ఆ సంతకం నాదేనండీ."

హాల్లో నవ్వు ఆగిపోయింది. ఆమె కళ్ళలోదీ ఆగిపోయింది.

టీ విరామంలో ఆమే వచ్చి, కప్పు బల్ల మీద ఠక్కున పెట్టింది.

"ఎందుకు చెప్పారు? ఎవరికీ తెలిసేది కాదుగా!"

"ఆవిడకి క్షమాపణ చెప్పుకోవాలండీ. నెంబరు ఇప్పించండి."

"ఆవిడ మా అమ్మ."

టీ సగం గొంతులోకి, సగం చొక్కా మీదికి పోయింది.

"నెల్రోజులుగా మిమ్మల్ని తిడుతున్నాను తెలుసా, మొహం తెలీకుండానే!"

"ఇప్పుడు చూసి తిట్టండి."

"చూస్తుంటే రావట్లేదు. అదే కోపం!" అంటూ ఫోను తీసి స్పీకరు పెట్టింది. "అమ్మా, నీ పాదం డాక్టరు దొరికాడు."

"ఆ పొడుగబ్బాయా? అయ్యో, తిట్టకే! ఆ రోజు నాకు తన కుర్చీ ఇచ్చేసి, గంటసేపు నిలబడే అందర్నీ చూశాడు. ఎముకని చూళ్ళేదు గానీ, నన్ను చూశాడే తల్లీ."

"అమ్మా! స్పీకర్లో ఉంది."

"మంచిదేగా. ఏం బాబూ, పెళ్ళయిందా?"

"లే... లేదండీ."

"మా పిల్లకీ కాలేదు. వచ్చిన ప్రతి సంబంధంలోనూ ఏదో ఒక పగులు వెతుకుతుంది. నీ పగులు నువ్వే ముందు చెప్పేశావు. ఇంక వెతకడానికి దానికేం మిగల్లేదు. ఆదివారం ఇంటికి రా, ఎదురుగా కూర్చోబెట్టి తిడతాను."

ఆమె చటుక్కున ఫోను కట్టేసింది. చెవులదాకా ఎర్రబడింది.

"ఆదివారం నాకు డ్యూటీ ఉందండీ," అన్నాడు దిగులుగా.

"మార్చుకోండి," అంది రేడియాలజిస్టు, అతనివైపు చూడకుండా.