స్వామివారి బటన్ నొక్కే కుర్రాడు

"స్క్రీన్ మీద ఆ బటన్ నొక్కి అడగండి," అన్నాను.

చేతులు జోడించి నిలబడ్డ అమ్మాయి నన్ను కాల్చేసేలా చూసింది. "ఆడదాన్ని. స్వామివారిని నేను ముట్టుకోవాలా?"

"ఇది అద్దమండీ."

"అద్దం వెనకాల?"

"ప్రోగ్రాం."

"ప్రోగ్రాంకి మల్లెదండ ఎందుకేశారు మరి?"

వెనక క్యూలో ఉన్న ఆడవాళ్ళందరూ "బాగా అడిగావు ఖింగ్!" అన్నారు. ఖింగ్ అంటే మా భాషలో అల్లం. పేరు పెట్టినవాళ్ళు ఆలోచించే పెట్టారు.

ఈ నాన్ ఊళ్ళో అందరూ కొలిచే బౌద్ధ భిక్షువు ఖమ్‌సేన్ స్వామి గతించి తొంభై ఏళ్ళు. ఆయన రాసిన పదిహేడు నోటుపుస్తకాలూ కంప్యూటర్‌కి నేర్పి, అడిగితే ఆయనలా జవాబు చెప్పే ఈ బొమ్మను చియాంగ్‌మై నగరం నుంచి తెచ్చి విహారంలో పెట్టింది నేనే. అన్నీ ఆలోచించాను. ఆడవాళ్ళు భిక్షువును తాకరన్న సంగతి మాత్రం, ఈ గడ్డ మీద పుట్టి పెరిగి కూడా, మర్చిపోయాను.

పెద్ద భిక్షువు నవ్వి, "అయితే నువ్వే పక్కన కూర్చుని నొక్కు, పున్," అన్నారు. రెండు రోజుల్లో వెళ్ళిపోవాల్సినవాణ్ణి ఉండిపోయాను. బటన్ లేకుండా మాట వినగానే పలికేలా మార్చడం పది నిమిషాల పని. మార్చలేదు. ఖింగ్ టీచరు. రోజూ బడి వదలగానే తిన్నగా ఇక్కడికే వచ్చేది మరి.

"పిల్లలు మాట వినకపోతే కోపం రాకుండా ఏం చెయ్యాలి స్వామీ?" అంది ఓ రోజు.

నొక్కాను. "ముందు నీళ్ళు తాగు తల్లీ. నోట్లో నీళ్ళున్నప్పుడు ఎవరూ అరవలేరు," అంది స్వామివారి గొంతు.

ఖింగ్ పకపకా నవ్వింది. "ప్రోగ్రాంకి నీకంటే తెలివెక్కువ."

"నేర్పింది నేనే."

"నువ్వూ కాస్త నేర్చుకోవాల్సింది."

'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయిన సంగతి ఇద్దరం గమనించనట్టే ఉన్నాం.

ఓ సాయంత్రం వాన పట్టుకుంది. మంటపంలో మేమిద్దరమే మిగిలాం. ఖింగ్ నా వైపు చూడకుండా స్క్రీన్‌తో అంది. "స్వామీ, ట్రాక్టర్ల షోరూమ్ వాళ్ళబ్బాయి సంబంధం వచ్చింది. భిక్షువుల వర్షావాసం మొదలైతే మూడు నెలలు పెళ్ళిళ్ళుండవు, ఈలోపే మాట ఇవ్వమంటోంది అమ్మ. చేసుకోనా?"

నా వేలు గాల్లోనే ఆగిపోయింది.

"నొక్కు," అంది.

నొక్కాను.

"అతణ్ణి చూస్తే ఏమనిపిస్తుంది తల్లీ?"

"మంచివాడనిపిస్తుంది."

మళ్ళీ నొక్కాను. "ఇంకా?" అంది స్వామివారి గొంతు.

"ఇంకేమీ లేదు."

నా ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. 'వద్దు' అని ఒక్క మాట కొడితే చాలు, ఆ గొంతే పలుకుతుంది. ఆ గొంతు వద్దంటే ఊళ్ళో కాదనేవాళ్ళు లేరు. అబద్ధమెందుకు, వేళ్ళు అక్షరాల మీదికి వెళ్ళాయి కూడా. కానీ నమ్మి చేతులు జోడించిన పిల్లను మోసం చెయ్యలేకపోయాను. ల్యాప్‌టాప్ మూసేశాను.

"నువ్వేమంటావ్ పున్?"

"స్వామివారు ఉండగా నేనెవర్ని చెప్పడానికి?"

ఖింగ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నొక్కడం తప్ప ఇంకేమీ రాదు నీకు!" అని వానలోనే వెళ్ళిపోయింది. మోసం చెయ్యనందుకు గర్వపడాలో, నోరు విప్పనందుకు సిగ్గుపడాలో తెలియలేదు. సిగ్గే గెలిచింది.

మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వాళ్ళమ్మ వచ్చింది. మార్కెట్లో నూడుల్స్ అమ్మే మనిషి, గొంతు గట్టిది. నేనొకణ్ణి ఉన్నట్టే చూడకుండా స్క్రీన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"స్వామీ, మా పిల్ల బంగారంలాంటి సంబంధం వద్దనేసింది. ఎందుకే అంటే చెప్పదు, అన్నం తినదు. రోజూ ఇక్కడికెందుకొచ్చేదో నాకు తెలీదా? ఈ బటన్ నొక్కే కుర్రాడు ఎలాంటివాడు? నా పిల్లని బాగా చూసుకుంటాడా?" అప్పుడు నా వైపు తిరిగింది. "ఊఁ, నొక్కు బాబూ."

నొక్కలేదు.

"ఆయన్ని అడగొద్దమ్మా. నా గురించి ఆయనకేమీ తెలీదు. నేనే చెబుతాను. ఖింగ్ అంటే నాకు ప్రాణం. మొన్న తను అడిగినప్పుడే చెప్పాల్సింది, భయపడ్డాను. పెద్ద జీతం లేదు. వంట రాదు. తను తిడితే మాత్రం పడతాను."

ఆవిడ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "వంట నేను నేర్పుతాలే. కొన్నాళ్ళైనా భిక్షువుగా దీక్ష తీసుకున్నావా?"

"ఇంకా లేదమ్మా."

"ఇంత వయసొచ్చినా పచ్చివాడివే! మా ఇంటి పిల్లని అడిగేవాడు ముందు కాషాయం కట్టి రావాలి. ఈ వర్షావాసం మూడు నెలలూ ఇక్కడే భిక్షువుగా ఉండు. దీక్ష విడిచాక మీ వాళ్ళని తీసుకుని రా."

"మూడు నెలలా?" అంటూ స్తంభం వెనక నుంచి ఖింగ్ బయటికొచ్చింది.

"నువ్వెప్పుడొచ్చావే?"

"నీ వెనకే."

కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదాల మీద మాత్రం నవ్వు ఆగడం లేదు. నా దగ్గరికొచ్చి, "ఈ మాట మొన్నే ఏడవొచ్చుగా," అంది మెల్లగా.

"ఆగుతావా ఖింగ్?"

"ఆగక చస్తానా?"

వర్షావాసం మొదలైన తొలి ఉదయం గుండుతో, కాషాయంతో, భిక్షాపాత్ర పట్టుకుని భిక్షువుల వరసలో చివరగా తడి రోడ్డు మీద నడుస్తున్నాను. తలెత్తకూడదు, నవ్వకూడదు. మార్కెట్ మలుపు దగ్గర ఖింగ్ పాదాలు, పక్కనే వాళ్ళమ్మ పాదాలు కనిపించాయి. వేడి వేడి అన్నం ముద్ద పాత్రలో పడింది. ఇన్నాళ్ళ మీద నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"తొందరగా దణ్ణం పెట్టవే," అని వాళ్ళమ్మ పక్కింటావిడను తొందరపెడుతోంది, వీధంతా వినపడేలా. "మా అల్లుడు... అదే, కొత్త స్వామివారు వచ్చారు!"