ఎదుటి కుర్చీ ఖాళీ

"ఈసారి తుపాకీ అక్కర్లేదు," అన్నాడు చీఫ్. "కాలేజీ క్యాంటీన్‌లో ఒంటరిగా కూర్చుని తినడమే పని. ఆ విద్యలో నిన్ను మించినవాడు డిపార్ట్‌మెంట్‌లో లేడు."

అది మెచ్చుకోలో దెప్పిపొడుపో మూగనోముకు అర్థం కాలేదు. అతని అసలు పేరు ఏ ఫైల్లోనో ఉంది. నోరు విప్పడని తోటి ఏజెంట్లు పెట్టిన పేరే వాడుకలో మిగిలింది.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ఒక విదేశీ ముఠా మత్తు బిళ్లల్ని పిప్పరమెంట్ డబ్బాల్లో పెట్టి కాలేజీల్లోకి దించుతోంది. మొదట్లో ఉచితం. అలవాటయ్యాక పిల్లల బతుకులు బుగ్గి. ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. కోడ్‌నేమ్ నెమలి. సరుకు బ్రెడ్ వ్యాన్‌లో వస్తుందని ఆమే కబురు పంపింది. ఎడమ భుజం మీద ఎర్ర స్కార్ఫ్ ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు.

"వ్యాన్ మీంచి చూపు తిప్పకు. ఎవరి పక్కనా కూర్చోకు. ఎవరితోనూ మాట కలపకు."

"ఎప్పుడు కలిపాను సార్?"

అలా మూగనోము గుబురు మీసం అంటించుకుని ల్యాబ్ అసిస్టెంట్ అయ్యాడు. కెమెరా, మైకు, ఇయర్‌పీస్ అన్నీ కళ్లజోడులోనే. దూరంగా ఉన్న గుసగుస కూడా చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. అద్దాల పవర్ మాత్రం పడక, సాయంత్రానికి తల పగిలిపోయేది.

ఏజెంటన్నవాడు గోడకు వీపు ఆనించి, గుమ్మం కనబడేలా కూర్చుంటాడు. అలా కూర్చుంటే వ్యాన్ ఆగే చోటు కంటే ముందు కనబడేది కిటికీ పక్క బల్ల దగ్గరి ఫస్టియర్ అమ్మాయి. ఎదుటి కుర్చీ రోజూ ఖాళీయే. చుట్టుపక్కల నవ్వులు ఎక్కువైనప్పుడల్లా ఆ పిల్ల ఫోన్ చెవికి ఆనించుకుని, "ఆఁ అమ్మా, తింటున్నా. ఫ్రెండ్స్‌తోనే ఉన్నా," అనేది. చెవి నుంచి తీసినా ఫోన్ తెర నల్లగానే ఉండేది. మూగనోముకు అది కొత్త కాదు. ఊరూరి హోటళ్లలో తనూ అదే నాటకం ఆడతాడు. అటువైపు మాట్లాడటానికి అతనికి భార్యా లేదు, పిల్లలూ లేరు.

కొన్ని వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం బ్రెడ్ వ్యాన్ వచ్చింది. వెనకే హైహీల్స్ టకటకలాడిస్తూ నెమలి వచ్చింది. క్యాంటీన్‌లో తలలన్నీ అటు తిరిగాయి. ఎడమ భుజం మీద ఎర్ర స్కార్ఫ్. ఆమె తిన్నగా వెళ్లి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది. మూగనోము ఆర్డరు ప్రకారం వ్యాన్‌నే చూశాడు. డ్రైవర్ ట్రేలు దించుతున్నాడు. అన్నీ రొట్టెలే.

అంతలో ఆ అమ్మాయి నవ్వింది. ఇన్ని వారాల్లో ఆ నవ్వు వినడం అదే మొదలు. అతనికి ముందు అసూయ కలిగింది, ఆ వెంటనే నెమలికి ఈ పిల్లతో పనేమిటన్న అనుమానం వచ్చింది. గభాల్న తల తిప్పాడు.

నెమలి చిన్న డబ్బా ముందుకు జరిపింది. "పరీక్షల భయం ఇట్టే పోతుంది చెల్లీ. నువ్వొకటి వేసుకో, మిగతావి హాస్టల్లో పంచిపెట్టు. రేపట్నుంచి నీ చుట్టూ చోటు దొరకదు, చూడు!"

వ్యాన్ ఉత్త బూటకం. రెండేళ్లుగా నెమలి తమ కళ్లకు గంతలు కట్టి ఆడుకుంది.

అరిస్తే పిల్ల బెదిరి మింగేస్తుంది. వ్యాన్ దగ్గర మాటేసిన తనవాళ్లని పిలిస్తే డబ్బా దొరికేది ఆ పిల్ల చేతుల్లోనే. బిళ్ల పెదాల దాకా వెళ్లింది. మూగనోము తన కంచం పట్టుకుని లేచి, నాలుగు అంగల్లో వెళ్లి ఆ పిల్ల పక్కన కూలబడ్డాడు.

"ఫోన్ మోగకుండా మాట్లాడటం నేనూ చేస్తానమ్మా. చాలా ఏళ్లుగా. నీ అంత బాగా రాదు గానీ," అన్నాడు.

ఆ చెయ్యి అక్కడే ఆగింది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎవరండీ మీరు?" నెమలి నవ్వు చెదరలేదు.

"పిప్పరమెంట్లంటే పడి చస్తానండీ. ముందు మీరొకటి వేసుకోండి, తర్వాత మేం తింటాం."

నెమలి డబ్బా వంక చూసింది. వేసుకోలేదు. అమ్మాయి ఆమె మొహంలోకి చూసి, నిప్పు ముట్టుకున్నట్టు బిళ్లను విదిలించేసింది.

"రొట్టెలు వదిలేసి ఇటు రండి," అన్నాడు మూగనోము కళ్లజోడుతో. నెమలి లేచేలోగా ఇద్దరు ఆడ ఆఫీసర్లు చెరోపక్కా నిలబడ్డారు.

"ఇలాంటి పిల్లల్ని వెతకడం కష్టమేం కాదు," అంది నెమలి వెళ్తూ. "వాళ్ల పక్కన ఎవరూ కూర్చోరుగా!"

ఆ మాటకు మూగనోము తల వంచుకున్నాడు. వారాల తరబడి చూసింది తనే, కూర్చోనిదీ తనే.

"నన్ను కూడా పట్టుకెళ్తారా అంకుల్?" అడిగింది అమ్మాయి.

"ఎందుకూ? నువ్వేం మింగలేదుగా."

"మీరు రాకపోతే మింగేసేదాన్ని. ఆవిడ నాతో మాట్లాడింది, అందుకని."

"తెలుసమ్మా."

ఇయర్‌పీస్‌లో చీఫ్ విరుచుకుపడ్డాడు. "నీ కవర్ పోయింది! రూలు తెలుసుగా? తక్షణం అక్కణ్ణించి మాయమైపో!"

"తింటూ తింటూ మధ్యలో లేవకూడదంటారు సార్ పెద్దలు," అని మూగనోము కళ్లజోడు తీసి మడిచాడు. ఆ తర్వాత చీఫ్ తిట్టిన తిట్లన్నీ చొక్కా జేబే విన్నది.