లోయలో గాలి చిక్కన

ముందు నల్లటి పొగ వచ్చింది. దాని వెనకాల కారు వచ్చింది.

కెన్యాలో, కొండ మీది ఇటెన్ ఊరి చివర, నాన్న గ్యారేజీలో ఉన్న జెరుతో అనే అమ్మాయి ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తింది. కారులోంచి పొడుగాటి యువకుడొకడు దిగాడు. కళ్ళ నిండా నీళ్ళు, ముఖం నిండా నవ్వు.

“ఇంజెక్టర్లు మార్చాను,” అన్నాడు గొప్పగా. “స్క్రాప్‌లో పెద్దవి దొరికాయి. లోడుతో కొండ ఎక్కాలి కదా!”

“మార్చినట్టు కారు కంప్యూటర్‌కి చెప్పారా?”

“దానికి కూడా చెప్పాలా? ఇంట్లో అమ్మకే చెప్పలేదు!”

ఆమెకు నవ్వొచ్చింది. కానీ నవ్వలేదు. కొత్తవాళ్ళ ముందు నవ్వాలన్నా జెరుతోకు భయమే.

“అది ఇంకా పాత చిన్నవే ఉన్నాయనుకుని, ఈ పెద్దవాటిని కూడా అంతసేపే తెరిచి పెట్రోలు పోస్తోంది. చంటిపిల్లకి బిందెతో పాలు పడుతున్నారు మీరు.”

“అయితే ఆ చంటిపిల్లని కాపాడండి, డాక్టరమ్మా.”

అతని పేరు కిమెలీ. కెరియో లోయలోంచి మామిడిపళ్ళు పైకి తెచ్చి అమ్ముతాడు. ఆ గ్యారేజీలో స్పానర్ల పని నాన్నది, లాప్‌టాప్ పని జెరుతోది. పని అయ్యేదాకా కారు పైనే ఉంది. రోజూ పొద్దున్నే అతను దాన్ని నడిపేవాడు. ఆమె పక్క సీట్లో ఒళ్ళో లాప్‌టాప్, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇంజను మీద బిగించిన చిన్న మైకులోంచి వచ్చే చప్పుడు వింటూ పెట్రోలు కొలతలు సరిచేసేది. ఎర్రమట్టి రోడ్డు మీద పరుగు సాధన చేసేవాళ్ళు వాళ్ళను దాటుకుంటూ పోయేవారు.

“దిగి మాతో రా అన్నా, ముందు చేరతావు!” అని ఒకడు అరిచాడు.

“చూశావా, నీవల్లే నా పరువు పోతోంది,” అన్నాడు కిమెలీ. ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో ఇద్దరికీ తెలియదు.

“పరువు సంగతి తర్వాత. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు వినిపిస్తే వెంటనే కాలు తీసెయ్. ఇంకొంచెమే కదా అని తొక్కకు. అది పెట్రోలు చాలక వచ్చే చప్పుడు, లోపల పిస్టన్ కరిగిపోతుంది.”

“నువ్వు పక్కన కూర్చుంటే నా గుండెలో కూడా అదే చప్పుడు. మరి అప్పుడేం తీయాలి?”

“నోరు మూసుకుంటే చాలు.”

అన్నదే గానీ, ఆమె వేళ్ళు తప్పు అంకె నొక్కాయి.

ఒక్క ప్రశ్న మాత్రం ఆమె అడగలేకపోయింది. వాళ్ళ తెగలో ప్రతి వంశానికీ ఒక జంతువు గుర్తు. గుర్తు ఒకటే అయితే ఇద్దరూ అన్నాచెల్లెళ్ళ లెక్క, పెళ్ళి మాట అక్కడితో సరి. ‘మీది ఏ గుర్తు?’ అని నాలుక చివరిదాకా వచ్చేది. ఒకటే అంటాడేమోనని మింగేసేది.

చివరి రోజు పొగ పూర్తిగా పోయింది. సన్నగా వాన పడుతోంది.

“రేపు లోయలోంచి ఒక ముఖ్యమైన లోడు తేవాలి,” అన్నాడు కిమెలీ.

“మామిడిపళ్ళేగా?”

“అంతకంటే బరువైంది.” కన్ను గీటి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం పరుగు ముగించుకున్న ఒకాయన రొప్పుతూ వచ్చి గ్యారేజీ అరుగు మీద కూలబడ్డాడు. జెరుతో టీ పోసిచ్చింది.

“ఇక్కడ ఊపిరి అందడం లేదమ్మా. అదే మా లోయలో అయితే గాలి ఎంత చిక్కగా ఉంటుందో!”

జెరుతో చేతిలో కెటిల్ ఆగిపోయింది.

కిమెలీ కారులో గాలిని కొలిచే సెన్సర్ లేదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కారో అదొక్కటే చూసి పెట్రోలు పోసే కంప్యూటర్ అది. తను కొలతలన్నీ ఈ పైన, పలచటి గాలిలో సరిచేసింది. కింద ఇంజనులోకి చిక్కటి గాలి ఎక్కువ వెళుతుంది, పెట్రోలు మాత్రం అంతే. దిగేటప్పుడు ఏమీ కాదు. లోడుతో, నిండా తొక్కి, ఎక్కేటప్పుడే...

ఫోన్ చేసింది. లోయలో సిగ్నల్ లేదు. మళ్ళీ చేసింది.

లాప్‌టాప్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రోడ్డు మీద పోతున్న బోడా బైకును, అద్దెకు తిప్పేదాన్ని, ఆపింది.

“లోయలోకి, త్వరగా!”

“వానలోనా? ఆ మలుపుల్లోనా?” అన్నాడు బోడా నడిపే పెద్దాయన.

“నీకు దణ్ణం పెడతాను, పద!”

ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు, తెల్లటి మబ్బు తప్ప. ప్రతి మలుపు దగ్గరా ఆమె కళ్ళు మూసుకునేది. పొగ కనిపిస్తుందేమో, విరిగిన అడ్డుగోడ కనిపిస్తుందేమో. మళ్ళీ చూడకుండా ఉండలేక తెరిచేది.

సగం దూరంలో కిమెలీ నీలం కారు కనిపించింది. బానెట్ తెరిచి ఉంది. డ్రైవర్ సీటు ఖాళీ.

ఆమె బైకు మీంచి దూకింది. “కిమెలీ!” అని అరిచింది.

“ఇక్కడ!”

కారు వెనక గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గొడుగు కింద పట్టు శాలువా కప్పుకున్న ఒకావిడ. పక్కన టోపీ పెట్టుకున్న భారీ మనిషి, చంకలో శుభకార్యాలకు పట్టుకెళ్ళే పులిసిన పాల సొరబుర్ర.

“గులకరాళ్ళు వినిపించాయి. కాలు తీసేశాను,” అన్నాడు కిమెలీ. “అమ్మ ఇంకొంచెమే కదా అంది. పెదనాన్న తిట్టాడు. నేను తొక్కలేదు.”

“తప్పు నాదే. కింద గాలి సంగతి మరిచిపోయాను. నీకేమైనా అయి ఉంటే నేను... నేను...” ఏడుపు ఆగలేదు. వాన కాబట్టి కొంత నయం.

“స్టార్ట్ చెయ్యి,” అంది చివరికి. ఇంజను ఒక్క క్షణం మూలిగింది. తర్వాత సాఫీగా తిరిగింది. అందరూ కారెక్కారు. ఆమె ఒక్కో కొలతా కొద్దికొద్దిగా పెంచసాగింది.

“ఆ పెట్టె తర్వాత చూద్దువుగాని,” అంది వెనక సీట్లోంచి తల్లి. “సంబంధం సంగతి మీ నాన్ననే అడగాలని బయల్దేరాం. ఎటూ ఎదురొచ్చావు. మీ గుర్తు ఏది, అమ్మాయ్?”

జెరుతో లాప్‌టాప్ వైపే చూసింది. కిమెలీ కూడా స్టీరింగు వైపే చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ అతనూ అడగలేదు, ఆ భయంతోనే.

“గద్ద,” అంది, వినీ వినిపించకుండా.

పెదనాన్న టోపీ తీశాడు. నీళ్ళు దులిపాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

“మాది ఏనుగు.”

“అందుకే కారు కొండ ఎక్కలేకపోయింది!” అన్నాడు కిమెలీ. వీపు మీద ఒక దెబ్బ పడింది.

“గద్దా! అందుకే కొండ మీదినుంచి ఇలా వచ్చి వాలింది,” అని తల్లి నవ్వింది.

కారు మెల్లగా ఎక్కసాగింది. జెరుతో హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

“గులకరాళ్ళు వినిపిస్తున్నాయా?” అన్నాడు కిమెలీ.

ఆమె చాలాసేపు విన్నది.

“ఇంజనులో అయితే లేవు.”